అక్క చెయ్యి తగలని బెల్లం

బోధన్ దగ్గర చెరుకు చేల మధ్య ఉన్న ఒక శివాలయం వాళ్లు పోయిన ఏడాది జాతరకు చిన్న పుస్తకం అచ్చు వేశారు. అందులో నా ఫొటోతో ఒక పేజీ ఉంది. "స్వామి ప్రసాదించిన పునర్జన్మ" అని శీర్షిక. కిడ్నీలు రెండూ చెడిపోయిన నేను స్వామి మీద భారం వేసి, వైద్యుల కృషితో, నా భార్య సేవతో, "ఒక రక్తసంబంధీకురాలి సహకారంతో" మళ్లీ మనిషినయ్యానని అందులో రాసి ఉంది. కింద నా సంతకం.

ఆ రక్తసంబంధీకురాలు మా అక్క. ఆమె చేసింది సహకారం కాదు. ఆపరేషన్ బల్ల మీద పడుకుని, పక్కటెముకల కింద కోయించుకుని, తన కిడ్నీ తీయించి నాకిచ్చింది. ఆ పుస్తకం ఇప్పుడు చుట్టుపక్కల చాలా ఇళ్లలో దేవుడి పటాల పక్కన ఉంది. వెనక్కి తెప్పించలేను. అందుకే ఇది రాస్తున్నాను. కోపంతోనే రాస్తున్నాను. ఆ కోపంలో పెద్ద వాటా నా మీదే.

బోధన్‌లో నాది మోటార్ వైండింగ్ షాపు. కాలిపోయిన బోరు మోటార్లు విప్పి, కొత్త రాగి తీగ చుట్టి ఇస్తాను. అక్క నాకంటే ఐదేళ్లు పెద్దది. నిజామాబాద్‌లో ఉంటుంది, బీడీలు చుడుతుంది. బావ పోయి పన్నెండేళ్లు. కూతురిని అత్తగారింటికి పంపాక ఒక్కతే ఉంటోంది. పొద్దున్నే చాటలో ఆకు, తంబాకు, దారం పెట్టుకుని గడప దగ్గర కూర్చుంటే మధ్యాహ్నం అన్నానికి తప్ప లేవదు.

నాలుగున్నరేళ్ల కింద నా కిడ్నీలు పోయాయి. వారానికి మూడుసార్లు నిజామాబాద్‌లో డయాలిసిస్. బస్సులో వెళ్లి, నాలుగు గంటలు ఆ యంత్రం పక్కన పడుకుని, అయ్యాక అక్క ఇంటికి పోయేవాణ్ని. అప్పుడు నాకు రోజు మొత్తానికి రెండు గ్లాసుల నీళ్లే. అది కూడా నిజామాబాద్ ఎండల్లో. అక్క ఒక చిన్న స్టీలు గ్లాసు నా కోసమే వేరుగా పెట్టింది. అందులో సగానికి పోసి ఇచ్చేది.

"గటగట తాగకు. నోట్ల పట్టి, మెల్లగ మింగు," అనేది.

నేనున్నంతసేపు ఆమె నీళ్లు ముట్టేది కాదు. నాలుక పిడచకట్టుకుపోయిన మనిషి ముందు చెంబు ఎత్తడం ఆమె వల్ల కాలేదు. నేను గల్లీ మలుపు తిరిగాకే తాగేదని పక్కింటామె తర్వాత చెప్పింది.

కిడ్నీ ఇమ్మని నేను అక్కను అడగలేదు. ఈ మాట చాలామందికి గర్వంగా చెప్పుకున్నాను. నిజమే, అడగలేదు. కానీ వారానికి మూడుసార్లు ఉబ్బిన మొహంతో, వాచిన కాళ్లతో వెళ్లి ఆమె ఎదురుగా కూర్చున్నాను. డయాలిసిస్ అయ్యాక నేరుగా బోధన్ బస్సు ఎక్కొచ్చు. ఎక్కలేదు. నా భార్యకు షుగర్ ఉందని, ఆమెది పనికిరాదని డాక్టర్లు చెప్పిన సంగతి అక్కకు నాలుగైదుసార్లు చెప్పాను. ఒక్కసారి చెబితే సరిపోయేది. అడగడానికి నోరు విప్పాల్సిన పని లేదు.

ఒకరోజు ఆమె బీడీ చుడుతూ, తలెత్తకుండా అంది.

"తమ్మీ, నాది సూపిద్దామా?"

"ఏంది?"

"కిడ్నీ. రెండున్నయి గద. బీడీలు సుట్టెటానికి రెండెందుకు?"

"నీకేమన్నైతే ఎట్లక్కా?"

"నాకేమైతది? నువ్వు అద్దంల మొఖం సూసుకున్నవా అసలు? బూరె లెక్క ఉబ్బినవ్."

నేను వద్దన్నాను. ఒకసారి. రెండోసారి అనలేదు.

పరీక్షలన్నీ కలిశాయి. హైదరాబాద్‌లో ఆపరేషన్‌కు ముందు రోజు సాయంత్రం వార్డులో అక్క నా మంచం పక్కన నిలబడి, కళ్లు మూసుకుని, చీర కొంగుకు ముడి వేసింది. "సామీ, నా తమ్ముడు లేచి నడిస్తే, వాని ఎత్తు బెల్లం నా చేతులతోని ఎక్కిస్త," అని మొక్కింది. మా దిక్కు ఇది మామూలు మొక్కే. గుళ్లో పెద్ద తక్కెడ ఉంటుంది. ఒక పళ్లెంలో మనిషిని కూర్చోబెట్టి, రెండో దాంట్లో సమానమయ్యే దాకా బెల్లం పెడతారు. మొక్కినవాళ్లే పెడతారు. "నా చేతులతోని" అని ఆమె అనడం నేను విన్నాను. వినలేదని చెప్పుకునే వీలు నాకు లేదు.

ఆపరేషన్ అయ్యాక మంచానికి వేలాడదీసిన సంచిలో మూత్రం నిండుతుంటే నర్సు చూపించి నవ్వింది. ఏడాదిన్నర తర్వాత నా ఒంటి నుంచి నీళ్లు అలా వచ్చాయి. నేను ఏడ్చి ఆ సంచికి దండం పెట్టాను. మూడు గదుల అవతల అక్క దగ్గలేక, నవ్వలేక, పొట్ట పట్టుకుని పడుకుని ఉంది. ఆమెకు పెట్టలేదు.

అక్క పదిరోజులకు ఇంటికి పోయింది. రెండు నెలలకు మళ్లీ చాట ముందు కూర్చుంది. నేను ఎనిమిది నెలలు ఒక గదిలో, మూతికి మాస్కుతో, పూటకు గుప్పెడు మాత్రలతో గడిపాను. చుట్టాలు కిటికీ దగ్గర నిలబడి పలకరించేవాళ్లు. "దేవుడు సల్లగ సూసిండు" అనేవాళ్లు. నేను పైకి చేతులు జోడించేవాణ్ని. ఆ రోజుల్లో నాకు భక్తి నిజంగానే కుదిరింది. అది దొంగ భక్తి అని ఇప్పుడు కూడా అనను. కానీ ఒకటి గమనించాను. దేవుడికి కృతజ్ఞత చెప్పడం ఎంతో సులువు. ఆయన ముందు తల వంచితే మనకు చిన్నతనం ఉండదు. ఆయన మనల్ని ఫోన్ చేయమని అడగడు. ఆయనకు సాయంత్రానికల్లా నడుము నొప్పి రాదు. అక్కకు వస్తుంది. ఆమె ముందు తల వంచాలంటే, చెల్లెళ్లకు అక్కలకు చీర పెట్టాల్సిన మగవాణ్ని, అక్క ఒంట్లోది తీసుకుని బతికానని ఒప్పుకోవాలి. నాకు అది కుదరలేదు.

ఏడాది నిండాక మొక్కు తీర్చడానికి గుడికి పోయాం. మా మేనత్త కోటగిరి నుంచి వచ్చింది. మా బాపు అక్క, డెబ్భై దాటిన మనిషి, మా ఇంట్లో ఏ పనైనా ఆమె చెప్పినట్టే జరుగుతుంది. నా బామ్మర్ది ఉన్నాడు, గుడి కమిటీలో సభ్యుడు. ఇంకో ముప్పై మంది చుట్టాలు. అక్క తెల్లవారుజామునే బస్సెక్కి వచ్చింది. బెల్లం ముద్దలు తనే ఏరి, తుడిచి, గోనెపట్టా మీద పేర్చింది.

నన్ను పళ్లెంలో కూర్చోబెట్టారు. పళ్లెం గొలుసులకు వేలాడింది, నా కాళ్లు నేలను వదిలాయి. అక్క మొదటి బెల్లం ముద్ద రెండు చేతులతో ఎత్తింది.

"ఏయ్ పిల్లా, ఆగు!" మేనత్త గొంతు. "పిలగాడు సచ్చి బతికి శుభమా అని కూసుంటే నీ చెయ్యెందుకు పెడుతున్నవ్? గింత తెల్వదా? ముత్తైదులు ఐదుగురు రాండ్రి ముందటికి."

అక్క చేతిలో ముద్ద అలాగే ఉంది. ఆమె నా వైపు చూసింది.

నేను ఏమీ అనలేదు. రెండేళ్లు నాకు నేను అలాగే చెప్పుకున్నాను: ఏమీ అనలేదు, అనాల్సింది, కాళ్లు గాల్లో ఉన్నాయి, దిగలేకపోయాను. ఆ పళ్లెం నేలకు ఒక అడుగు ఎత్తున ఉంది. చిన్న పిల్లలు దూకి దిగుతారు.

అక్క ముద్దను గోనెపట్టా మీద పెట్టింది. ప్రాంగణం చివర నల్లా దగ్గరికి వెళ్లి చేతులకు అంటిన బెల్లం కడుక్కుంది. నా భార్య, వదినలు, మరదళ్లు ఐదుగురు కలిసి యాభై ఎనిమిది కిలోల బెల్లం పెట్టారు. అందరూ చప్పట్లు కొట్టారు. అక్క భోజనాలయ్యే దాకా ఉండి, విస్తళ్లు ఎత్తి, బస్సెక్కి వెళ్లిపోయింది.

పుస్తకంలో పడిన ఫొటో ఆ రోజుదే. నేను తక్కెడలో నవ్వుతూ ఉంటాను. పరీక్షగా చూస్తే మూలన, నల్లా దగ్గర, వంగిన ఒక ఆడమనిషి వీపు కనిపిస్తుంది.

ఆ పేజీ రాసింది మా బామ్మర్ది. అక్క గురించి ఎలా రాయాలో తెలియక నన్నే అడిగాడు.

"బావా, వదిన పేరు పెడదామా? మళ్ల నలుగురు ఏమంటరో. ఆడబిడ్డ దగ్గర తీసుకున్నడు, పైగ ఆమె ఒక్కతి ఉంటది..."

"నువ్వే సూసి రాయి," అన్నాను.

రాసి చూపించాడు. చక్కగా ఉందని సంతకం పెట్టాను.

ఈ ఎండాకాలంలో ఒక సోమవారం మధ్యాహ్నం అక్క పక్కింటామె ఫోన్ చేసింది. "అన్నా, మీ అక్క కార్ఖానకు బీడీలు ఇయ్యపోయి ఆడనే పడ్డది. దవాఖాన్ల ఉన్నం, జెల్ది రా."

నేను వెళ్లేసరికి ఆమెకు సెలైన్ ఎక్కుతోంది. పెదాలు పగిలి తెల్లగా ఉన్నాయి. డాక్టరమ్మ కాగితాలు నా ముందు పెట్టి గట్టిగా మాట్లాడింది. ఒక్క కిడ్నీ ఉన్న మనిషి ఈ ఎండల్లో పొద్దంతా నీళ్లు ముట్టకుండా ఉంటే ఏమవుతుందో తెలుసా అంది. ఈసారికి కోలుకుంటుంది, ఇలాగే సాగిస్తే ఉన్న ఆ ఒక్కటీ పోతుంది అంది. "మీకు తెలియని విషయమా ఇది?" అని నన్ను అడిగింది. నా సంగతి అక్క ముందే చెప్పినట్టుంది.

డాక్టరమ్మ వెళ్లాక నేను అక్క మీద అరిచాను.

"నీకేమన్న బుద్ధున్నదా? నీళ్లెందుకు తాగలే?"

"ఇయ్యాల సోమారం."

"సోమారమైతే?"

"ఉపాసం. పొద్దుగూకెదాంక నీళ్లు గూడ ముట్ట."

"ఎన్నడు సంది?"

"నీ ఆపరేషన్ కాడి సంది. మొక్కు తీరెదాంక ఉంట అని మొక్కిన."

మూడేళ్లు. నూట యాభై సోమవారాలు. నాకు గ్లాసులో సగం కొలిచి పోసిన మనిషి, నా కోసం ఆ సగం కూడా లేకుండా ఉంది.

"మొక్కు తీరింది గదక్కా! యాభై ఎనిమిది కిలోలు పెట్టినం గద!"

"మీరు పెట్టిండ్రు. నేను పెట్టలే." గోడ వైపు చూస్తూ అంది. "నా చేతులతోని అని మొక్కిన. ఇచ్చిన మాట తప్పితే నీకు మళ్ల ఏమన్నైతే?"

"మరి రెండేండ్లు నాకెందుకు చెప్పలే?"

"ఏం చెప్పాలె? మళ్ల తక్కెట్ల కూసో అని చెప్పాల్నా? నువ్వే అంటివి గద ఆ రోజు."

"నేనేమన్న? నేనేం అనలే."

అప్పుడు నా వైపు తిరిగింది. కోపం కూడా లేదు ఆ మొహంలో. అదే నాకు భరించరానిదిగా ఉంది.

"అత్త అన్నంక నేను నీ దిక్కు సూసిన. 'అక్కా, నువ్వు జర పక్కకు జరుగు' అన్నవ్. మర్సిపోయినవా?"

మరిచిపోయాను. నిజంగా మరిచిపోయాను. ఆ మాట ఆమె నోటి నుంచి వచ్చాక నా గొంతు నాకే వినబడింది. "జర" అన్న మాటను మెత్తగా, మర్యాదగా అన్న తీరు కూడా. నేను మౌనంగా ఉన్నానని రెండేళ్లు బాధపడ్డాను. ఆ బాధను నా మంచితనానికి రుజువుగా దాచుకున్నాను. ఆ చిన్న మర్యాద కూడా నాకు దక్కదు. ఆమెను పక్కకు జరిపింది మేనత్త కాదు, నేనే.

ఇంటికి వచ్చి మేనత్తకు ఫోన్ చేశాను. వచ్చే సోమవారం మళ్లీ తక్కెడలో కూర్చుంటున్నాను, అక్క పెడుతుంది అన్నాను.

"రెండోపారి మొక్కు చెల్లిస్తరార ఎవలన్న? దేవుడు నవ్వుతడు."

"నవ్వనీ."

"ముండమోపి చెయ్యి పెడితే నీకు మంచిది కాదురా బిడ్డా. నీ మంచికే చెప్తున్న."

"అత్తా, నా కడుపుల ఉన్నది ఆ ముండమోపి కిడ్నీనే. దాన్ని తీసి గడప మీద పెట్టి కూసోవాల్నా తక్కెట్ల?"

ఫోన్ పెట్టేసింది. ఆ మాట అన్నందుకు కాసేపు నాకు నేను గొప్పగా అనిపించాను. తర్వాత సిగ్గేసింది. అది రెండేళ్ల కింద, ముప్పై మంది ముందు అనాల్సిన మాట. ఇప్పుడు ఒక ముసలావిడ చెవిలో అరిచాను.

బామ్మర్దిని కూడా అడిగాను. ఈ ఏడాది పుస్తకంలో ఆ పేజీని సరిదిద్ది వేయమన్నాను.

"అది భక్తి పుస్తకం బావా. అండ్ల తప్పొప్పులు ఎట్లేస్తం? ఆమెకు ఒక మంచి చీర పెట్టు, అయిపాయె."

వాడి మీద చెయ్యెత్తబోయి ఆపుకున్నాను. చీర మాట వాడు కొత్తగా కనిపెట్టింది కాదు. ఆపరేషన్ అయిన ఏడాది రాఖీ పండుగకు నేను ఆమెకు పెట్టింది చీరే. చాలా మంచి చీర అని అందరితో చెప్పుకున్నాను కూడా.

సోమవారం గుడికి వెళ్లాం. నేను, నా భార్య, అక్క. చుట్టాలందరినీ పిలిచాను, పనుందన్నారు. జాతర రోజు కాదు కాబట్టి పది పదిహేను మంది భక్తులే ఉన్నారు. నేను పూజారి దగ్గరికి వెళ్లి, అక్క వితంతువని, ఆమె చేత్తోనే బెల్లం పెట్టిస్తానని, అభ్యంతరముంటే ఇప్పుడే చెప్పమని అన్నాను. గొడవకు సిద్ధమై పోయాను. గొంతు కూడా పెంచాను.

ఆయన బిత్తరపోయాడు.

"నాకేం అభ్యంతరమయ్యా? మొక్కినామె పెట్టాలె, ఎవరైతేంది? నేను ఎన్నడన్న వద్దన్ననా?"

అనలేదు. ఆ రోజు కూడా ఆయన పక్కనే హారతి పళ్లెం పట్టుకుని నిలబడ్డాడు, ఒక్క మాట అనలేదు. మమ్మల్ని ఆపిన నియమం ఆ గుడిలో లేనే లేదు. దాన్ని మేమే ఇంటి నుంచి బెల్లంతో పాటు మోసుకొచ్చాం. నేను పోట్లాడటానికి ఎదురుగా ఎవరూ లేకుండా పోయారు.

అక్క వెనకే నిలబడి ఉంది. పొద్దుటి నుంచి నీళ్లు తాగలేదు. దారి పొడుగునా బతిమాలాను, వినలేదు.

నేను తక్కెడలో కూర్చున్నాను. కూర్చోబోయే ముందు అక్కడున్న వాళ్ల వైపు తిరిగి, "ఈమె మా అక్క. నాకు కిడ్నీ ఇచ్చింది. మొక్కు ఈమెది," అని గట్టిగా చెప్పాను. ఎవరో ముసలాయన "అట్లనా" అని చేతులు జోడించాడు, నాకు కాదు, ఆమెకు. చెరుకు బండి తోలుకుంటూ పోయే మనుషులు ఇద్దరు గేటు దగ్గర ఆగి చూశారు. ఇదీ నేను నలుగురిలో చెప్పిన మాట. పుస్తకం చేరిన ఇళ్లతో పోలిస్తే ఇది ఏ మూలకు?

అక్క ఒక్కో ముద్ద ఎత్తి పెట్టింది. కుట్లు పడిన వైపు పట్టేస్తుంటే ఆగి, ఊపిరి తీసుకుని మళ్లీ వంగింది. నా భార్య సాయం వెళ్లబోతే, "నువ్వుండు," అంది. యాభై ఎనిమిది దాటినా నా పళ్లెం లేవలేదు.

"ఏందిరా గిది? ఎంత బరువైనవ్?"

"మందులకు ఉబ్బుతరట అక్కా."

"మందులకు గాదు, కూసోని తినుటానికి. నాకు పనెక్కువ పెడ్తివి."

అరవై ఆరు దగ్గర తక్కెడ సరిగ్గా నిలబడింది. ఆఖరి ముద్ద పెట్టాక ఆమె ఒక నిమిషం పళ్లెం అంచు మీద చేతులు ఆనించి అలాగే ఉంది. పెదాలు కదిలాయి. దేవుడితో ఏం మాట్లాడిందో నాకు తెలియదు. అది నాకు సంబంధించిన సంగతి కాదు. దిగి ఆమె కాళ్లు ముట్టుకున్నాను. "లెవ్వు లెవ్వు, కుట్లు పట్టేస్తయ్," అంది. ఆపరేషన్ మా ఇద్దరికీ జరిగిందని ఆమె ఎప్పుడూ మరిచిపోలేదు.

బయట మెట్ల మీద కూర్చున్నాం. ఎండ ఇంకా దిగలేదు. నా సంచిలోంచి నీళ్ల సీసా తీసి ఆమె చేతిలో పెట్టాను.

"పొద్దుగూకలే గదక్కా, తాగుతవా?"

"మొక్కు తీరింది. ఇగ ఉపాసమెక్కడిది?"

మూత తిప్పడానికి ఆమె వేళ్లకు పట్టు దొరకలేదు. బెల్లం జిగురు. నేను తిప్పి ఇచ్చాను. తల వెనక్కి వంచి తాగింది. గటగట తాగింది. నీళ్లు గడ్డం మీదుగా రవికె మీదికి కారాయి, తుడుచుకోలేదు. సగం అయ్యాక ఆపి సీసా నా వైపు చాపింది.

"తాగు. నీకిప్పుడు కొలత లేదు గద."

"మొత్తం నువ్వే తాగు," అన్నాను. "నేను సూస్తుంట."

నా మొహంలోకి ఒకసారి చూసింది. సీసా మళ్లీ ఎత్తింది.